చెప్పుల లెక్క

హనుమయ్యకి లెక్కలు రావని ఎవరైనా అంటే అలివేలమ్మ ఊరుకునేది కాదు. రెండో తరగతితో బడి మానేసిన మాట నిజమే గాని, ఆయన లెక్క ఆయనకుంది. చేపలకి పోయేవాళ్ళు పుట్టి ఎక్కే ముందు చెప్పులు ఒడ్డునే విడుస్తారు. తిరిగొచ్చాక ఎవరి జత వాళ్ళు తొడుక్కుని ఇంటికి పోతారు. పొద్దెక్కినా ఒడ్డున ఒక జత మిగిలిందంటే ఒక మనిషి ఇంకా నీళ్ళ మీద ఉన్నట్టు. ఎవరి పేరూ రాయక్కర్లేదు, ఎవర్నీ పిలవక్కర్లేదు. హనుమయ్య తండ్రి అట్లాగే చూసుకున్నాడు, హనుమయ్యా అట్లాగే చూసుకున్నాడు. నలభై ఏళ్ళలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

ఇప్పుడు ఆయన వల వెయ్యటం లేదు. బెల్లంకొండ దాటి లోపలికి వెళితే, పులిచింతల నీళ్ళు వచ్చి ఆగిన ఒడ్డున గోపాలరావుగారి చేలో డేరాలు వేసి క్యాంపు పెట్టారు. స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు, నాలుగైదు రోజులుండి పోతారు. వాళ్ళని పడవ మీద తిప్పటం, ఈత నేర్పటం హనుమయ్య పని. వంట అలివేలమ్మది. హనుమయ్యకి నీలం రంగు టీషర్టు ఇచ్చారు. దాని వీపు మీద ఇంగ్లీషులో ఉన్నది ‘వాటర్ గైడ్’ అని క్యాంపు చూసుకునే సుధీర్ చదివి చెప్పాడు. సుధీర్ గోపాలరావుగారి మేనల్లుడు.

ఆ ఏప్రిల్ ఆఖర్లో నరసరావుపేట నుంచి ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు వచ్చారు. అంతా ఆడపిల్లలే, తొమ్మిదో తరగతి, ఇరవై ఇద్దరు. వెంట రత్నకుమారి టీచరు.

ఎండలు ముదిరి నీళ్ళు వెనక్కి తగ్గాయి. క్యాంపు ఒడ్డంతా బురద, మోకాలి దాకా దిగబడిపోతుంది. అందుకని ఈతకి తిప్ప మీదికి తీసుకుపోయేవాడు. తిప్పంటే నీళ్ళ మధ్య తేలి ఉన్న చిన్న గుట్ట. ఎక్కడా చెట్టన్నది లేదు. పైనంతా నాపరాయి, నడుమ కూలిపోయిన పాత గోడ ఒకటి. తూర్పు పక్క మాత్రం మెత్తటి ఇసుక, నడుం లోతు నీళ్ళు. ఇంజను పడవలో పదిహేను నిమిషాలు పడుతుంది. పడవకి పన్నెండు మందే, లైఫ్ జాకెట్లూ పన్నెండే. కాబట్టి రెండు ట్రిప్పులు.

రెండో రోజు పొద్దున్నే బయల్దేరారు. ఒక పిల్ల కడుపునొప్పని డేరాలోనే పడుకుంది. మిగతా పిల్లలు ఒడ్డున చెప్పులు విడిచారు, టీచరు మాత్రం విడవలేదు. హనుమయ్య వంగి, అడ్డదిడ్డంగా ఉన్నవాటిని వరసగా సర్ది, వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఇరవై ఒక్క జత. తెల్లవి, గులాబీవి, లావు అట్టలవి. చివర్లో ఒక జత రబ్బరు చెప్పులు, అరిగి మడమల దగ్గర కాగితంలా ఉన్నాయి. కుడిదాని పట్టీ ఊడిపోతే కింద పిన్నీసు గుచ్చి ఉంది.

“అంకుల్, వాటిని కూడా లెక్కపెట్టారా?” అంది ఒక పొడుగాటి పిల్ల. “అవి చెప్పులు కాదు, చెప్పుల తాతయ్యలు.”

పిల్లలంతా కిసుక్కుమన్నారు. ఆ పొడుగు పిల్ల వెన్నెల, స్కూలు కరస్పాండెంట్ గారి కూతురు.

చెప్పుల మనిషి వెనక్కి తిరిగి చూసింది. చామనచాయ, సన్నటి పిల్ల. పేరు సుకన్య. “పిన్నీసు ఉన్నంతసేపు తెగవులే. నీయి తెగితే చెప్పు, ఇంకోటుంది, ఇస్తా,” అంది.

ఈసారి పిల్లలు వెన్నెలని చూసి నవ్వారు. వెన్నెల నవ్వలేదు. హనుమయ్య అది చూశాడు గాని, ఆడపిల్లల మధ్య మాటలు, మనకెందుకులే అనుకుని పడవలోకి దిగాడు.

నీళ్ళలో ఆయన పిల్లల్ని ముట్టుకునేవాడు కాదు. వెదురు గెడ ఒకటి అడ్డంగా పట్టుకుని నిలబడేవాడు. నలుగురేసి వచ్చి గెడ పట్టుకుని వెల్లకిలా పడుకోవాలి.

“చెవులు ముంచండమ్మా. చెవులు ముంచటానికి భయపడినోళ్ళకి ఈత రాదు. మెడ బిగబట్టబాకండి. నీళ్ళతో కొట్లాడబాకండి, వాటికి మీ మీదేం కోపం లేదు.”

“లోపల పాములుంటయ్యా అంకుల్?”

“ఉంటయ్. నిన్ను చూసి అయ్యి భయపడి పోయినయ్.”

ముందుగా గెడ వదిలేసింది సుకన్యే. చేతులు చాపి, కళ్ళు మూసుకుని, ఎండుటాకులా తేలింది. హనుమయ్య గెడ మెల్లిగా పక్కకి తీసేశాడు. చుట్టూ పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. లేచి నిలబడ్డాక ముక్కులోంచి నీళ్ళు చీదుకుంటూ, “తాతా, ఇంకోసారి,” అంది. మిగతా వాళ్ళందరికీ ఆయన అంకులే, ఈ పిల్లకి మాత్రం తాత.

ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ అలివేలమ్మ చెప్పింది. “ఆ పిల్ల తల్లి మరియమ్మంట. ఆ బళ్ళోనే ఆయా. బాత్రూములూ అయ్యీ కడిగిద్దంట. అందుకని పిల్లకి సగం ఫీజు. క్లాసులో ఫస్టు ఇదేనంట.”

“నీకెవరు చెప్పారే?”

“అదే చెప్పింది. కూచుని రెండు కేజీల ఉల్లిపాయలు ఒలిచి పెట్టింది. ఆళ్ళతో కూచోబుద్ధి కాలా దానికి.”

మూడో రోజు పొద్దున ఆరున్నరకల్లా పిల్లలు ఒడ్డుకి వచ్చారు. ముందు రోజు కడుపునొప్పన్న పిల్లకి తగ్గిపోయింది, అదీ వచ్చింది. ఆ సంగతి హనుమయ్య గమనించలేదు. అప్పటికి ఆయన పడవ వెనక కూర్చుని ఇంజనులో డీజిలు పోస్తున్నాడు. పని ముగించి వచ్చేసరికి పిల్లలు చెప్పులు విడిచేసి బురద పక్కన రాళ్ళ మీద కోతుల్లా గెంతుతున్నారు. వంగి, వరస సర్ది లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. నిన్నా ఇరవై ఒకటే. కడుపునొప్పి పిల్ల ఇంకా లేవలేదేమో అనుకున్నాడు.

రత్నకుమారి టీచరు గొడుగు కింద నిలబడి రిజిస్టర్ తెరిచింది. వెళ్ళినవాళ్ళు ఇరవై రెండు అని రాసి సంతకం పెట్టింది. వచ్చాక మళ్ళీ ఎవరు తెరుస్తారని, తిరిగొచ్చినవాళ్ళు అన్న గడిలోనూ ఇరవై రెండు వేసి అక్కడా సంతకం పెట్టేసి పుస్తకం సంచిలో పెట్టుకుంది. రోజూ అంతే.

ఎనిమిదిన్నరకే ఎండ చురచురలాడింది. టీచరు తలనొప్పిగా ఉందని తిరిగొచ్చే మొదటి ట్రిప్పులోనే ఎక్కి వచ్చేసింది. ఆ పడవలో ఎందరెక్కారో హనుమయ్య చూడలేదు, ఒడ్డున చెప్పులు చెబుతాయి కదా. రెండో ట్రిప్పుకి తిప్ప మీదికి వెళ్ళి, పిల్లలు జాకెట్లు తొడుక్కుని కూర్చున్నాక, లేచి నిలబడి అటూ ఇటూ చూశాడు.

“ఇంకెవరన్నా ఉన్నారా అమ్మా?”

వెన్నెల జడ పిండుకుంటోంది. “లేరు అంకుల్. పోదాం, ఆకలేస్తంది.”

ఒక జాకెట్ పడవ అడుగున ఎవరూ తొడుక్కోకుండా పడి ఉంది. టీచరు ఎప్పుడూ తొడుక్కోదు, మొదటి ట్రిప్పులో ఆమె వదిలేసిందే అయి ఉంటుందనుకున్నాడు. ఒడ్డుకి చేరాక పిల్లలు చెప్పులు తొడుక్కుని టిఫినుకి పరిగెత్తారు. ఒక్క జత మిగల్లేదు. హనుమయ్య పడవని మేకుకి కట్టేశాడు.

ఆ రోజు మధ్యాహ్నం గుడ్ల కూర. అలివేలమ్మ గుడ్లు మనిషికొకటి చొప్పున ఉడకేసింది, ఎక్కువా తక్కువా ఉండదు. అందరూ తిని చేతులు కడుక్కున్నారు. గిన్నె అడుగున పులుసులో ఒక గుడ్డు ఉండిపోయింది. ఆమె గరిటెతో దాన్ని ఇటు నుంచి అటు దొర్లించి చూసింది. పిల్లలున్న చోట ఇడ్లీ మిగులుతుంది, ఉప్మా అయితే బకెట్లకి బకెట్లు మిగులుతుంది. గుడ్డు మిగలటం ఆమె ఎన్నడూ ఎరగదు.

“ఏమయ్యా,” అని కేకేసింది. “ఆ పిన్నీసు చెప్పుల పిల్ల అన్నానికి రాలేదేంది?”

హనుమయ్య నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది. పొద్దున వరస కళ్ళ ముందుకొచ్చింది. తెల్లవి, గులాబీవి, లావు అట్టలవి. ఆ చివర అరిగిన రబ్బరు జత నిన్న ఉంది. ఇవాళ లేదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా లేదు.

ఎంగిలి చేత్తోనే లేచాడు. ఒడ్డుకి పరిగెత్తి, తాడు విప్పి, ఇంజను తాడు లాగాడు. అంటుకోలేదు. మళ్ళీ లాగాడు. మూడోసారికి అంటుకుంది. పదిహేను నిమిషాల దారిలో ఆయన తిప్ప వైపు చూడలేదు, చుట్టూ నీళ్ళనే చూస్తూ పోయాడు. నిన్నే తేలటం నేర్చిన పిల్ల. తేలటం వస్తే ఈదొచ్చనుకునే వయసు.

నీళ్ళలో ఏమీ కనపడలేదు. తిప్ప మీద మనిషీ కనపడలేదు. ఇసుక దాటి రాతి మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టుంది.

కూలిన గోడ మొదట్లో జానెడు నీడ ఉంది. ఆ నీడలో ముడుచుకుని కూర్చుంది పిల్ల. చున్నీ తడిపి నెత్తిన కప్పుకుంది, అదీ ఎండిపోయింది. పెదాలు తెల్లగా పగిలాయి. ఆయన్ని చూసి లేవబోయి, లేవలేక కూర్చుంది. అరికాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి.

“పడవ పోతంటే పరిగెత్తా తాతా,” అంది. “ఆ చివర రాళ్ళ మీదికి. కేకలేశా. ఇంజను మోతకి మీకు ఇనపడలా. మళ్ళీ ఇంకో పడవొచ్చిద్దని కాసేపు, మళ్ళీ కాసేపు, అక్కడికీ ఇక్కడికీ తిరిగా.”

“యాడికి పోయావే తల్లీ?”

“గోడవతలకి. ఒంటికి పోయా. వెన్నెలకి చెప్పే పోయా.”

“చెప్పులేయి నీయి?”

పిల్ల తల దించుకుంది. “నీళ్ళలో పడినయ్.”

“ఎట్టా పడినయ్?”

“పడినయ్లే తాతా.”

ఆయన సీసా మూత తీసి నీళ్ళిచ్చాడు. గుక్కగుక్కకీ ఆపి తాగించాడు. పిల్ల మూతి తుడుచుకుని, చాలాసేపటి నుంచి దాచుకున్న మాటలా నెమ్మదిగా అడిగింది.

“నేను యాడున్నానని ఎవరన్నా అడిగారా?”

నాలుగు గంటలు. టిఫిను అయింది, బొమ్మలేసే క్లాసు అయింది, భోజనాలయ్యాయి. హనుమయ్య సీసా మూత బిగించాడు. బిగిసిన మూతనే మళ్ళీ బిగించాడు. పిల్లని వీపు మీద ఎక్కించుకుని పడవ దాకా మోసుకొచ్చాడు.

అలివేలమ్మ కలబంద మట్ట చీల్చి అరికాళ్ళకి గుజ్జు పూసి, పాత చీర చింపి కట్టు కట్టింది. అన్నం పెట్టింది. గుడ్డు కూడా.

సాయంత్రం నాలుగింటికి సుధీర్ హనుమయ్యని ఆఫీసు డేరాలోకి పిలిచాడు. రత్నకుమారి టీచరు అక్కడే ఉంది. మొహం వాడిపోయి ఉంది. బల్ల మీద ఒక కాగితం.

“కూర్చో హనుమయ్యా. జరిగిందేదో జరిగింది. పిల్ల బాగుంది, అది చాలు. కానీ స్కూలు వాళ్ళకి ఏదో ఒకటి రాసివ్వాలి కదా. విను.” సుధీర్ చదివాడు. “విద్యార్థిని సుకన్య, గైడ్ చెప్పిన మాట వినకుండా, ఎవరికీ చెప్పకుండా తిప్ప మీద దాక్కున్నది. గైడ్ మూడుసార్లు విజిల్ వేసి పిలిచినా రాలేదు. ఇందులో క్యాంపు సిబ్బంది తప్పు గానీ, టీచరు తప్పు గానీ లేదు.”

“నేను విజిల్ ఏయలేదు సార్.”

“వేసినట్టే అనుకో.”

“విజిల్ నా దగ్గర లేనే లేదు. పోయిన నెల్లో పోయింది, మీకు చెప్పాగా.”

సుధీర్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు. “చూడు. పడవ పర్మిషన్ ఈ నెల రెన్యువల్. పిల్లని వదిలేసి వచ్చారని బయటికి తెలిస్తే పర్మిషన్ పోద్ది. నువ్వు పోతావు, మీ ఆవిడ పోద్ది, నేనూ పోతా. టీచరమ్మ ఉద్యోగం కూడా. ఇంతమంది పోవటం దేనికి? చిన్నపిల్ల, రెండు మాటలు పడిద్ది. నీ కోసమే చేస్తన్నా ఇదంతా.”

కాగితం అడుగున అప్పటికే ఒక సంతకం ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు. ఎవరిదని అడిగాడు హనుమయ్య.

“సుకన్యదే,” అంది టీచరు, రిజిస్టర్ ఉన్న సంచి ఒళ్ళోకి లాక్కుంటూ. “తనే ఒప్పుకుంది.”

“రేపు పొద్దున వాళ్ళమ్మొస్తంది, మా మావయ్యొస్తాడు. వాళ్ళ ముందు నువ్వు పెడితే అయిపోద్ది,” అన్నాడు సుధీర్.

సుకన్య వంట షెడ్డులో గోనెపట్టా మీద కాళ్ళు చాపుకుని చిక్కుళ్ళు వలుస్తోంది. హనుమయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“దాక్కున్నానని ఎందుకు పెట్టావే సంతకం?”

“పెట్టకపోతే నీ పని తీసేస్తారంట. టీచరు చెప్పింది. నాకేం కాదులే తాతా, తిడతారు, అంతేగా.” ఈనె లాగి పారేసింది. “నన్ను తీసుకురావటానికి నువ్వొక్కడివే వచ్చావు.”

వదిలేసి వచ్చిందీ నేనేనే తల్లీ, అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

పొద్దు వాలుతుంటే అలివేలమ్మ గుండిగలు తోముతోంది. ఆయన పక్కన నిలబడి నీళ్ళు పోస్తూ కాగితం సంగతి చెప్పాడు.

“పెట్టు,” అంది ఆమె. “నలుగురూ పెట్టమంటంటే నీకేం నొప్పి? ఈ వయసులో మళ్ళీ వల బుజానేసుకుంటావా?”

“అదేనే నేనూ అనుకుంటన్నా.”

ఆమె కొబ్బరిపీచుతో గుండిగ అడుగు రుద్దింది. తర్వాత ఆమె చెయ్యి ఆపింది. “కానీ ఏమయ్యా, దాక్కున్న పిల్ల అరికాళ్ళు కాలిందాకా ఎండలో పరిగెత్తిద్దా? ఆ మాట ఒక్కళ్ళకీ తట్టలేదా?” అని, ఆయన జవాబు కోసం చూడకుండా గుండిగ బోర్లించింది.

మర్నాడు తొమ్మిదింటికి మరియమ్మ వచ్చింది. బస్సు దిగి రోడ్డు నుంచి క్యాంపు దాకా నడిచొచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళ నిండా దుమ్ము. ఫోన్లో ఆమెకేం చెప్పారో గాని, కూతురి వైపు చూడలేదు. గోపాలరావుగారు కారులో వచ్చి రేకుల షెడ్డు కింద కూర్చున్నాడు. కుర్చీలు మూడు వేశారు. ఆయన, సుధీర్, టీచరు కూర్చున్నారు. మరియమ్మ నిలబడింది, హనుమయ్య నిలబడ్డాడు. కట్టు కట్టిన కాళ్ళతో పిల్ల స్తంభానికి ఆనుకుని నిలబడింది. దూరంగా డేరాల దగ్గర మిగతా పిల్లలు గుంపుగా చేరి చూస్తున్నారు.

సుధీర్ కాగితం చదివాడు. టీచరు గొంతు సవరించుకుంది. “కరస్పాండెంట్ సారుకి ఫోన్ చేశాం మరియమ్మా. ఇట్లాంటి పిల్లని ఉంచుకుంటే మిగతా పేరెంట్స్ ఊరుకోరంటున్నారు. టీసీ తీసుకుపోతే నీకూ గౌరవంగా ఉంటది.”

మరియమ్మ రెండడుగుల్లో కూతురి దగ్గరికి వెళ్ళి చెంప మీద కొట్టింది. “నాలుగు గంటలు దాక్కున్నావా? ఆడపిల్లవి, ఎవురి కోసమే దాక్కున్నావ్? నేను ఆ బళ్ళో ఎట్టా తిరగాలే రేపు?” ఇంకోటి కొట్టింది. పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“సరేలేమ్మా, ఆగు. హనుమయ్యా, కానీయ్,” అన్నాడు గోపాలరావుగారు, గడియారం చూసుకుంటూ.

సుధీర్ పెన్ను మూత తీసి అందించాడు. హనుమయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. సంతకం చేసేటప్పుడు ఆయన ముందు వంగి, ఎడమ చేత్తో కాగితాన్ని గట్టిగా అదిమిపట్టుకుంటాడు, అది జారిపోయే చేపైనట్టు. ఇప్పుడు వంగాడు. చెయ్యి కాగితం దాకా వెళ్ళింది. పక్కన పిల్ల చెంప మీద తల్లి నాలుగు వేళ్ళూ ఎర్రగా తేలుతున్నాయి.

పెన్ను బల్ల మీద పెట్టాడు.

“ఆ పిల్ల దాక్కోలా అయ్యా. నేనే వదిలేసొచ్చా.”

సుధీరే ముందు తేరుకున్నాడు. “హనుమయ్యా, పెద్దమనసుతో నువ్వు...”

“పెద్దమనసు కాదు సార్. లెక్క తప్పింది. నేను చెప్పులు లెక్కేస్తా, మనుషుల్ని లెక్కెయ్యను. ఈ పిల్లకి నిన్న చెప్పుల్లేవు. ఇరవై ఒక్క జత చూశా, ఇరవై ఒక్కళ్ళే అనుకున్నా. తిప్ప చుట్టూ తిరిగి చూడాల్సింది, చూడలా.”

గోపాలరావుగారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. “చెప్పులేందిరా? రిజిస్టర్ ఉందిగా.”

“నాకు చదవటం రాదుగదయ్యా.”

టీచరు సంచి మీద చెయ్యి వేసుకుంది. ఎవరూ రిజిస్టర్ తియ్యమని అనలేదు గాని, ఆమె చెయ్యి మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

“తాత అబద్ధం చెబుతున్నాడు,” అంది సుకన్య. అందరూ అటు తిరిగారు. “నేనే దాక్కున్నా. ఊరికే, ఆటకి. తాత పిలిచాడు కూడా.”

“అదిగో,” అన్నాడు సుధీర్. “పిల్లే చెబుతుంటే నీకేందయ్యా మధ్యలో?”

హనుమయ్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. తప్పు చేసి తప్పించుకున్నవాళ్ళని చూశాడు, చెయ్యని తప్పు నెత్తిన పడ్డవాళ్ళనీ చూశాడు. చేసిన తప్పు నాదని చెబుతుంటే నమ్మనివాళ్ళని ఇప్పుడే చూడటం. ఆయన పిల్ల ముందుకి వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగాడు.

“ఇటు చూడు తల్లీ. నువ్వు దాక్కున్నానంటే నా లెక్క మంచిదేనని అయిపోద్ది. ఎల్లుండి ఇంకో బడి పిల్లలొస్తారు. నేను మళ్ళీ చెప్పులే లెక్కేస్తా, నలభై ఏళ్ళ అలవాటు. మళ్ళీ ఒక పిల్ల ఉత్త కాళ్ళతో వచ్చిద్ది. నీకు తేలటం వచ్చు, ఆ పిల్లకి రాకపోతే? నా పని పోద్దని నువ్వు బాధపడుతున్నావు. పోనియ్. పని పోతే ఇంకో పని ఉంటది.”

పిల్ల కింది పెదవి పంటితో నొక్కిపట్టింది. కట్టు కట్టిన కాళ్ళ వైపు చూసుకుంది.

“దాక్కోలా,” అంది చివరికి. “వెన్నెలకి చెప్పి గోడవతలకి పోయా. వచ్చేసరికి పడవ పోతంది.”

“చెప్పులెందుకు లేవు నీకు?” గోపాలరావుగారు అడిగాడు.

“రాత్రి ఎవరో నీళ్ళలో ఇసిరేశారు. పొద్దున చూస్తే ఒకటి బురద నీళ్ళలో తేలతా ఉంది.”

“ఎవరు?”

సుకన్య చెప్పలేదు. డేరాల దగ్గర గుంపులోంచి ఒక పొడుగాటి పిల్ల వెనక్కి తిరిగి డేరాలోకి వెళ్ళిపోయింది. గోపాలరావుగారు అది చూశాడు. ఎన్నో పంచాయితీలు చేసినవాడు, ఎక్కడ ఆపాలో తెలుసు. మళ్ళీ అడగలేదు.

మరియమ్మ వచ్చి బల్ల మీది కాగితం తీసి కూతురికి ఇచ్చింది. “చదువు.”

పిల్ల చదివింది. విజిల్ అన్న చోట గొంతు ఆగింది, మళ్ళీ చదివింది.

“ఇందులో నీ మాట ఏది?”

“ఒక్కటీ లేదమ్మా.”

“మరి సంతకం ఎందుకు పెట్టినట్టు?” అని అడిగింది గాని ఈసారి చెయ్యెత్తలేదు. కూతురి చెంప మీద అరచెయ్యి వేసి, తన వేళ్ళ గుర్తుల్ని అట్లాగే కాసేపు కప్పి ఉంచింది.

గోపాలరావుగారు లేచాడు. “సరేనమ్మా. స్కూలు వాళ్ళతో నేను మాట్లాడతా. టీసీ లేదు ఏం లేదు. నీ పిల్ల మీద మాట రాదు. ఇక దీన్ని ఇక్కడితో వదిలెయ్.”

“ఆ మాట రాసియ్యండయ్యా,” అంది మరియమ్మ.

“నేను చెబుతున్నాగా.”

“ఇందాకటిది కాయితం మీదే రాశారుగా. ఇది కూడా రాయండి.”

ఆయన ఆమె వైపు కొత్తగా చూసి, సుధీర్‌కి కళ్ళతో సైగ చేశాడు. సుధీర్ ఇంకో కాగితం తీశాడు. పిల్లని లెక్కపెట్టకుండా తిప్ప మీద వదిలి వచ్చారని, పిల్ల తప్పేమీ లేదని రాశాడు. వదిలి వచ్చారు అన్న చోట ఎవరో చెప్పకుండా వదిలేశాడు. హనుమయ్య చదవమన్నాడు. సుకన్య చదివింది.

“నా పేరు రాయండి సార్ అక్కడ,” అన్నాడు హనుమయ్య.

రాశారు. ఆయన వంగి, ఎడమ చేత్తో కాగితం అదిమిపట్టి, ఒక్కొక్క అక్షరమే తన పేరు దించాడు. దాని కింద గోపాలరావుగారు తన పేరు గిలికాడు. మరియమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

“నువ్వు ఇక పడవెక్కబాక,” అన్నాడు గోపాలరావుగారు కారు వైపు నడుస్తూ, వెనక్కి చూడకుండా. “చొక్కా ఇచ్చిపో.”

నీలం టీషర్టు విప్పి మడత పెట్టి బల్ల మీద పెట్టాడు. సంచి సర్దుకుని వంట షెడ్డు దగ్గరికి వెళితే అలివేలమ్మ అప్పటికే ఎసరు పెట్టేసి బియ్యం కడుగుతోంది.

“నువ్వు పో,” అంది. “పిల్లలకి అన్నం ఎవురు పెడతారు? ఉన్న రెండు రోజులూ పెట్టి వస్తా.” బియ్యం కడుగు నీళ్ళు పారబోస్తూ, “పోయి కారంపూడిలో మా అన్నని అడుగు. చేపల చెరువు వేలంపాట పాడాడంట, మనుషులు కావాలన్నాడు,” అంది. ఆ సంగతి ఆమె రాత్రే కనుక్కుని పెట్టుకున్నట్టుంది.

రోడ్డు మీద బస్సుకి మరియమ్మా, కూతురూ ముందే వచ్చి నిలబడ్డారు. నీడన్నది లేదు. హనుమయ్య వాళ్ళకి పది గజాల అవతల ఆగిపోయాడు. దగ్గరికి పోవటానికి మొహం చెల్లలేదు. సుకన్య మాత్రం ఆయన వైపు చూసి కొంచెం చెయ్యెత్తింది. తల్లి ఆ చేతిని కిందికి లాగలేదు, తానూ చూడలేదు.

బస్సు వచ్చింది. జనం బాగానే ఉన్నారు. మరియమ్మ కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, పిల్ల కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకుంది. హనుమయ్య ఆ పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బెల్లంకొండ వచ్చింది.

“బాబాయ్,” అంది మరియమ్మ, ఎదుటి సీటు వీపు వైపు చూస్తూనే. “నా పిల్లని నాలుగు గంటలు ఎండలో వదిలేశావు. నేనది మర్చిపోను.”

“మర్చిపోబాకమ్మా.”

“ఇంకోళ్ళ మీదికి నెట్టకుండా చెప్పావు. అది వేరే. ఇది వేరే.”

“అవునమ్మా.”

బస్సు గుంతలో పడి లేచింది. ఆయన కమ్మీ రెండు చేతులతో పట్టుకున్నాడు. మరియమ్మ పిల్ల కాళ్ళని ఇంకొంచెం దగ్గరికి లాక్కుని కిటికీ వైపు జరిగింది. పక్కన ఒక మనిషికి చోటు ఏర్పడింది.

“అట్టాగని పేట దాకా నిలబడి రావాల్సిన పనేం లేదు,” అంది. “కూచో.”